నడిగూడు

మా పెద్దమ్మ బతుకంతా చీకటికి సున్నం వేసింది. అందం కోసం అంటున్న మాట కాదిది, రైల్వేవాళ్ళు ఆమెకిచ్చిన పనే అది. మా కొండల్లో రైలు దారికి సొరంగాలు ఎక్కువ. లోపల పట్టాల పక్కన మనిషి నిలబడేంత చోటు ఉండదు కాబట్టి అక్కడక్కడ గోడలోకి తొలిచి గూళ్ళు కట్టారు. పనిలో ఉండగా రైలు వస్తే చేతిలో ఉన్నది అక్కడే పారేసి దగ్గరి గూట్లోకి దూరాలి, వీపు గోడకు ఆనించి నిలబడాలి, రైలు దాటిపోయేదాకా ఊపిరి బిగపట్టాలి. ఆ గూడు చీకట్లో కంటికి ఆనాలంటే తెల్లగా ఉండాలి. బొగ్గు ఇంజన్ల పొగకు ఏ తెలుపూ ఏడాది నిలవదు. అందుకని ఏటా వానలకు ముందు ఎవరో ఒకరు లాంతరు, బకెట్, కుంచె పట్టుకుని లోపలికి వెళ్ళి గూటి గూటికీ సున్నం వేసి రావాలి. ఆ ఎవరో ఒకరు మా పెద్దమ్మ.

ఆమె అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. లైను మీద అందరికీ ఆమె సున్నమ్మ. పొట్టి మనిషి, గట్టి మనిషి. వేళ్ళ కొసలు సున్నానికి కాలీ కాలీ నున్నబడి, వాటి మీద గీతలు కూడా మిగల్లేదు. చిన్నప్పుడు ఆ చేత్తో నా వీపు నిమిరితే ఎండుటాకు రాసినట్టుండేది, అయినా హాయిగా నిద్ర పట్టేది. నోరు మాత్రం సున్నం కంటే ఘాటు. పాత కుంచె అంటగట్టిన స్టోరు గుమాస్తానూ, చూసుకోకుండా బకెట్‌ను తన్నిన ఇన్‌స్పెక్టర్‌నూ ఒక్కలాగే తిట్టేది, చిన్నా పెద్దా తేడా లేదు. సిగ్నల్ కేబిన్‌లో పనిచేసే మా పెదనాన్న నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండేవాడు. ఆ ఇంటికి సరిపడా మాటలన్నీ ఆమే మాట్లాడేది.

సొరంగాలకు ఆఫీసువాళ్ళు అంకెలు వేశారు. లైను మీద పనిచేసేవాళ్ళు పేర్లు పెట్టుకున్నారు. ఎప్పుడూ నీళ్ళు కారేది ఏడుపుగొట్టు. పొగను బయటికి పోనివ్వనిది దగ్గుబోతు. అన్నిటికంటే పొడుగైనది మెలిక. మా ముత్తాతల నాడు దాన్ని కొండకు రెండు వైపులనుంచీ తొలుచుకుంటూ వచ్చారట. నడుమ కలవాల్సిన చోట లెక్క కాస్త తప్పి, ఈ ముఠా దారి ఆ ముఠా దారికి పక్కగా తేలింది. కొండను జరపలేరు కదా, అక్కడ ఓ వంపు తిప్పి రెండు దారులనూ కలిపేశారు. ఆ వంపు మూలంగా సరిగ్గా మధ్యలో నిలబడితే ఇటు మూతీ కనబడదు, అటు మూతీ కనబడదు. అక్కడే ఒక గూడుంది. దాన్ని నడిగూడు అంటారు.

మెలిక ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇటు మూతి నుంచి పెద్దమ్మ మొదలుపెడితే, అటు మూతి నుంచి ఆమె చెల్లెలు మొదలుపెట్టేది. ఆ చెల్లెలు మా అమ్మ. అక్కచెల్లెళ్ళను కొండకు చెరో పక్కనా ఇచ్చారు. అటు వాన పడుతుంటే ఇటు ఎండ కాసేది, అయినా ఇద్దరివీ ఒకే కొండ కింది కాపురాలు. ఏటా చెరో మూతి నుంచీ సున్నం వేసుకుంటూ వచ్చి నడిగూడు దగ్గర కలుసుకునేవారు. అక్కడ లాంతర్లు పక్కన పెట్టుకుని, అన్నం డబ్బాలు విప్పుకుని తినేవారు. మొగుళ్ళ మీద తనివితీరా చాడీలు చెప్పుకునేవారు. తర్వాత నడిగూటికి ఈమె సగం, ఆమె సగం సున్నం వేసి ఎవరి దారిన వాళ్ళు వెనక్కి మళ్ళేవారు. ఏడాదిలో వాళ్ళకు అంతకు మించిన రోజు లేదని నాకు గట్టి నమ్మకం.

"లోపలెలా ఉంటుంది పెద్దమ్మా?" అని అడిగితే ఆమె గొంతు మారిపోయేది. తిట్లు తిట్టే నోరేనా ఇది అనిపించేది.

"మొదట వెలుతురు వెనకాలే వస్తుందే. కొంత దూరం వచ్చి, ఇంక నావల్ల కాదని ఆగిపోతుంది. తిరిగి చూస్తే మూతి బియ్యపు గింజంత ఉంటుంది. మెలిక దగ్గర ఆ గింజ కూడా పోతుంది. అప్పుడు కాసేపు లాంతరు ఆర్పేస్తాను."

"భయం వెయ్యదూ?"

"దేనికి భయం? కళ్ళు తెరిచినా అదే, మూసినా అదే. మీకు నిద్రపోతేగానీ కలలు రావు. నాకక్కడ నిలబడుండగానే వస్తాయి. మా అమ్మ వస్తుంది, కొంగు దోపుకుని సున్నం కలుపుతూ ఉంటుంది. కొండ తొలిచినవాళ్ళు వస్తారు. ముఖాలు కనబడవు, సుత్తుల చప్పుడు వినబడుతుందంతే. అది నీటి చుక్కల చప్పుడంటాడు మీ పెదనాన్న. ఆయనకేం తెలుసు, ఎప్పుడూ కిటికీ పక్కనుండే మనిషి."

రైలు వచ్చే సంగతి ఆమెకు చెవికంటే ముందు వీపుకు తెలిసేది. గోడ సన్నగా వణికేది. గాలి ఒక్కసారి చల్లబడి చెంపకు తగిలేది. తర్వాత చప్పుడు, వెలుగు, పొగ, ఒంటిని ఊపేసే గాలి, మళ్ళీ ఏమీ లేనితనం. పొగ తేలిపోయేటప్పుడు లాంతరు ఎత్తి చూస్తే, తాను సున్నం వేసిన గూళ్ళు వరసగా తెల్లబట్టలు కట్టుకుని నిలబడ్డ మనుషుల్లా కనిపించేవట. వాళ్ళ ముందునుంచి నడిచి వెళ్తుంటే అందరూ తనని ఎరిగినవాళ్ళే అనిపించేదని చెప్పేది. ఆ మాటలు వింటూ నేను ఎన్నిసార్లు నిద్రపోయానో, నిద్రలో ఆ గూళ్ళ ముందు ఎన్నిసార్లు నడిచానో లెక్క లేదు.

నాకు ఇంకా పళ్ళు ఊడుతున్న వయసులో ఒక ఏడు పెద్దమ్మకు జ్వరం వచ్చింది. అమ్మ తన సగం ముగించి నడిగూడు దాకా వచ్చింది, అక్క రాలేదు. కలిసి వేసేది కదా, కలిసినప్పుడే వేద్దాంలే అని వెనక్కి వెళ్ళింది. జ్వరం తగ్గాక పెద్దమ్మ తన సగం ముగించి వచ్చింది, చెల్లెలు లేదు. ఆమె కూడా అదే అనుకుని మళ్ళిపోయింది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. సొరంగంలో మిగతా గూళ్ళన్నీ తెల్లగా మెరుస్తుంటే నడిగూడు ఒక్కటే మసితో నల్లగా ఉండిపోయింది.

సరిగ్గా ఆ వారంలోనే మా నాన్నను రైలు కొట్టింది. ఆయన పట్టాల బోల్టులు బిగించే గ్యాంగ్‌మన్, ఆ రోజు మెలిక దగ్గర ఒంటరిగా ఉన్నాడు. ప్రాణం దక్కింది గాని, కుడి కాలు మోకాలి కింది నుంచీ పోయింది. ఆస్పత్రిలో తెలివి వచ్చాక ఆఫీసరు అడిగితే ఒకే ఒక్క మాట చెప్పాడు. "గూడు కనబడలేదండీ."

ఆస్పత్రి వరండాలో అక్కచెల్లెళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. నేను అమ్మ కొంగు పట్టుకుని అక్కడే ఉన్నాను.

"జ్వరంతో పడున్నానని తెలుసు కదే," అంది పెద్దమ్మ. "ఆ ఒక్క గూడూ నువ్వే వేసుంటే నీ చెయ్యేమన్నా అరిగిపోయేదా?"

"కబురన్నా పంపావా నువ్వు? నీ కోసం చూసి చూసి వదిలేశాను. నా మొగుడి కాలు నువ్వే తీశావు. ఇంక నీ ముఖం నాకు చూపించకు."

కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. మా ఇంట్లో రెండూ తీసుకోలేకపోయారు.

ఆ తర్వాత ఆ ఇంటి మీద వాలిన కాకి ఈ ఇంటి మీద వాలలేదు. పిల్లదాన్ని నన్ను మాత్రం సెలవులకు రైలెక్కించి పెద్దమ్మ ఇంటికి పంపేవారు. అక్కడ పెద్దమ్మ మా అమ్మ మాట ఎత్తేది కాదు, ఇక్కడ అమ్మ ఆమె ఊసెత్తేది కాదు. ఇద్దరూ నా జడ మాత్రం ఒక్కలాగే బిగించి వేసేవారు. నాన్నకు లాంతర్లు తుడిచే గదిలో కూర్చుని చేసే పని ఇచ్చారు. ఈ తగువులో ఆయన ఎటూ మాట్లాడేవాడు కాదు. పాపం, ఎంత మంచి మనిషో, కాలు పోయినా ఎవరినీ ఒక్క మాట అనడు అనుకునేవాళ్ళం.

పని మాత్రం ఆగలేదు. ఏటా ఇటు నుంచి పెద్దమ్మ, అటు నుంచి అమ్మ, కాకపోతే వేర్వేరు రోజుల్లో. ఇద్దరూ నడిగూడు దాకా వచ్చేవారు. ఒకరి మీద ఒకరికి నమ్మకం పోయింది కదా, ఇద్దరూ నడిగూటికి మొత్తం సున్నం వేసేవారు. వేసినదాని మీదే మళ్ళీ వేసేవారు. పొర మీద పొర పడి ఆ గూడు అన్నిటికంటే తెల్లనైపోయింది. లాంతరు వెలుగు తగిలితే చాలు, మెలిక తిరగకముందే దాని తెలుపు ఎదురొచ్చేది. ఇంజన్ డ్రైవర్లు దానికి చందమామ అని పేరు పెట్టారు. కొండ కడుపులో చందమామ ఉందని, చూస్తే మంచిదని చెప్పుకునేవారు. అది ఇద్దరు ఆడవాళ్ళ కోపమని వాళ్ళకెవరు చెబుతారు!

కోపమని నేనూ అనుకున్నాను. కాదని చాలా ఏళ్ళ తర్వాత పెద్దమ్మే చెప్పింది. నడిగూడు దగ్గర ఆమె లాంతరు ఎత్తి మొదట చెల్లెలి కుంచె గీతలు చూసేదట. "గీతలు దగ్గర దగ్గరగా, బిగువుగా ఉంటే ఆ ఏడు దానికి చిరాకెక్కువని తెలిసేది. వదులుగా, పొడుగ్గా ఉంటే మనసు బాగుందన్నమాట. ఒక ఏడు అడుగున సగం వేసి, మళ్ళీ ఎక్కడో మొదలుపెట్టింది. మధ్యలో కూర్చుని ఏడ్చిందే, నాకు తెలుసు." అది మా తమ్ముడు పుట్టి పోయిన ఏడు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇంకో ఏడు గూటి పైభాగంలో గీతలు సగంలో ఆగిపోయాయి. చెల్లెలి భుజం పైకి లేవడం లేదని పెద్దమ్మకు అర్థమైంది. ఆ ఏడు ఆమె పైభాగానికి మాత్రమే వేసి, అడుగు వదిలేసి వెనక్కి వచ్చింది. మరుసటి ఏడు అమ్మ వచ్చి అడుగున వేసి, పైన వదిలేసి వెళ్ళింది. అలా ఒక్క మాట లేకుండా, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, వాళ్ళ సగం సగం మళ్ళీ మొదలైంది. ముందు అమ్మ వచ్చి అడుగున వేసి పోయేది, తర్వాత పెద్దమ్మ వచ్చి పై భాగం వేసేది. మొండితనానికి కూడా ఒక హద్దుండాలి. ఇంత తెలిసినవాళ్ళు ఇంకొంచెం ముందుకు నడిచి తలుపు తట్టొచ్చు కదా అని నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బొగ్గు ఇంజన్లు పోయాయి. ప్రయాణికుల బళ్ళు ఆగిపోయాయి. రోజుకు ఒకటో రెండో సరుకు బళ్ళు మిగిలాయి, ఆ లైను కూడా మూసేస్తారని, సొరంగం మూతులకు గోడలు కడతారని చెప్పుకోవడం మొదలైంది. పెదనాన్న పోయాడు. నేను పట్నంలో కుట్టుపనిలో కుదురుకున్నాను. అలాంటి ఒక ఏడు, వానలకు ముందు, అమ్మ గడప దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నేను వచ్చి చూసేసరికి మంచానికి అతుక్కుపోయి ఉంది. పెద్దమ్మకు కబురు పంపుతానంటే కళ్ళెర్రజేసింది.

"జాలిపడి వస్తుంది. జాలితో వచ్చే అక్క నాకక్కర్లేదు."

ఆ రోజుల్లోనే పెద్దమ్మ తన సగం ముగించుకుని నడిగూడు చేరింది. లాంతరు ఎత్తింది. అడుగున సున్నం లేదు. పోయినేటి సున్నమే మాసిపోయి ఉంది.

ముందుగా వచ్చానేమో అనుకుంది. చెల్లెలి వైపు తర్వాతి గూడు చూద్దామని నాలుగడుగులు వేసింది. తగువు తర్వాత ఆమె ఆ వైపు అడుగు పెట్టడం అదే మొదలు. ఆ గూడూ మాసిపోయే ఉంది. ఆ తర్వాతిదీ అంతే. తనవైపు గూళ్ళన్నీ తెల్లబట్టలు కట్టుకుని నిలబడితే, చెల్లెలి వైపువి నల్లగా, ఎవరూ లేని ఇళ్ళలా ఉన్నాయి. పోయిందేమో, నాకు చెప్పలేదేమో, ఎవరికి చెబుతారు, ముఖం చూపించకు అనిపించుకున్న మనిషికి చెప్పేదేముంది అనుకుంటూ నడిచింది. నడక కాస్తా పరుగైంది. బకెట్ ఎక్కడ వదిలేసిందో ఆమెకు గుర్తు లేదు. అటు మూతి బియ్యపు గింజంత కనబడినప్పుడు అది వెలుతురో కలో తేల్చుకోలేకపోయానని చెప్పింది. తన వైపు ఎండలో బయల్దేరిన మనిషి, మా వైపు జోరువానలోకి తేలింది.

మా క్వార్టరు సొరంగం మూతికి దగ్గరే. నేను వసారాలో తడిబట్టలు పిండుతున్నాను. ఒంటి నిండా మసి, సున్నం, వాననీళ్ళకు అవి చారలు కట్టి, చేతిలో ఆరిపోయిన లాంతరుతో ఒక ముసలావిడ మెట్ల దగ్గర నిలబడింది. గుర్తుపట్టడానికి నాకు కాస్త సమయం పట్టింది.

"ఉందా?" అంది.

"ఎవరు పెద్దమ్మా?" అన్నాను. నా తెలివి అలాంటిది.

"ఉందా, లేదా? ముందు అది చెప్పు."

"ఉంది. పడి తుంటి విరిగింది, మంచం మీద ఉంది."

ఆమె వానలోనే మెట్టు మీద కూలబడింది. కాసేపటికి ఊపిరి తిప్పుకుని, "కబురు పెట్టడానికి ఇంటిల్లిపాదికీ నోళ్ళు పడిపోయాయా?" అని తిట్టింది. ఆ తిట్టు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

గదిలోకి వెళ్ళి గుమ్మం పక్కనే గోడకు ఆనుకుని నిలబడింది, మంచం దగ్గరికి పోలేదు. అమ్మ తల తిప్పి చూసి, మళ్ళీ కప్పు వైపు చూడసాగింది. నాన్న కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు, ఊతకర్ర ఒళ్ళో పెట్టుకుని.

"తప్పు నాదేనే," అంది పెద్దమ్మ. "ఆ రోజు నా దగ్గర సున్నం ఉంది. ఒంట్లో ఓపికా ఉంది. నువ్వొచ్చాక కబుర్లు చెప్పుకుంటూ వేద్దామని వదిలేశాను. ఆ కబుర్ల ఆశకి మరిది కాలు పోయింది."

"నీది కాదు," అంది అమ్మ, కప్పు వైపే చూస్తూ. "నా బకెట్లోనూ సున్నం మిగిలే ఉందక్కా. నీ సగం నువ్వెయ్యాలని పంతానికి పోయాను. తప్పు నాదే. నాదని తెలిసే నిన్ను అన్ని మాటలన్నాను."

"కాదే, పెద్దదాన్ని, నాకుండొద్దూ బుద్ధి?"

"నీకెందుకుండాలి? ఆయన నా మొగుడు కదా!"

తప్పు నాదంటే నాదని గొంతులు లేస్తున్నాయి. ఇన్నేళ్ళ తర్వాత కలిసి, దీని మీద కూడా పోట్లాడుకునేలా ఉన్నారే అని నాకు నవ్వొచ్చింది. అప్పుడు నాన్న ఊతకర్రను నేల మీద కొట్టాడు.

"ఇంక ఆపండి మీరిద్దరూ. నేను గూడు వెతుక్కోలేదు. గూట్లోనే ఉన్నాను."

ఎవరికీ అర్థం కాలేదు.

"నిద్రపోయాను వదినా. మేస్త్రీ మూతి దగ్గర నిలబడి, బయటికొచ్చే ప్రతివాడి వీపూ చూసేవాడు. రైలేమీ రాకుండానే వీపు తెల్లగా ఉంటే గూట్లో కునుకు తీశాడని పట్టేసేవాడు, పని తీసేసేవాడు. సున్నం లేని గూడు అదొక్కటే. వీపుకు ఏమీ అంటదని అందులో కూర్చుని కళ్ళు మూశాను. కాలు పట్టాల వైపు జారిందని రైలు చెబితేగానీ తెలియలేదు. గూట్లో నిద్రపోయానంటే ఉద్యోగం పోతుంది. కనబడలేదంటే పోదు. నోటికొచ్చింది చెప్పాను. మీరిద్దరూ ఇలా పట్టుకుంటారని నాకేం తెలుసు? తెలిశాక చెప్పడానికి ధైర్యం చాల్లేదు."

తేలు కుట్టిన దొంగ కిక్కురుమనడంటారు. మంచితనమని మేం మురిసిపోయిన ఆ మౌనం ఇదా! నాకు ఆయన చేతిలోని కర్ర లాక్కోవాలనిపించింది. కన్నతండ్రి మీద అంత కోపం నాకు అంతకుముందూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఆయన తల వంచుకుని ఏడవడం చూశాక కూడా అది తగ్గలేదు.

పెద్దమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కలలోంచి లేచినదానిలా ఆయన వైపు చాలాసేపు చూసింది.

"నీ కాలు పోతే రైల్వేవాళ్ళు కర్రకాలు ఇచ్చారు మరిదీ," అంది చివరికి, మెల్లగా. "మాకు ఇన్నేళ్ళు పోయాయి. వాటికి బదులు మాకేమిస్తావు?"

ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"అక్కా," అంది అమ్మ మంచం మీంచి. "ఆయన్ని తర్వాత తిడదాం. ఎక్కడికీ పారిపోలేడు. ముందు నువ్విలా వచ్చి కూర్చో. నిన్ను చూడనీ."

పెద్దమ్మ తడిబట్టలతోనే వెళ్ళి మంచం అంచున కూర్చుంది. దుప్పటికి మసి అంటుతోంది, ఎవరూ పట్టించుకోలేదు. అమ్మ లేవని భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని పైకెత్తి, ఆమె చెంప మీది మసి తుడిచింది. నుదురు తుడిచింది. తెల్లబడ్డ జుట్టు చెవి వెనక్కి దోపింది.

"ఎంత ముసలిదానివైపోయావక్కా!"

"నువ్వు చూడకుండానే అయిపోయానే," అంది పెద్దమ్మ.